కార్డు ఏ ఇంట్లో ఉంది?

గౌరిబిదనూరులో బస్సెక్కి హిందూపురం దారి పడితే ఆరేడు కిలోమీటర్లలో విదురాశ్వత్థం వస్తుంది. పక్కనే పినాకిని. విదురుడు తన చేతులతో రావిమొక్క నాటిన చోటు గనక ఆ పేరు వచ్చిందని పెద్దలు చెబుతారు. ఆ పాత చెట్టు 2001లో కూలిపోయింది. చెట్టు చుట్టూ జనం తరతరాలుగా ప్రతిష్ఠించిన నాగశిలలు మాత్రం అట్లాగే ఉన్నాయి. లెక్కపెట్టబోతే కళ్ళు తిరుగుతాయి. 1938 ఏప్రిల్ 25న జాతీయ జెండా కోసం గుమిగూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపిందీ ఈ ఊళ్ళోనే. ఆ అమరుల పేరున ఇక్కడ వీరసౌధం ఉంది.

మాది దానికి దగ్గర్లోని ఒక చిన్న ఊరు. రాష్ట్రం కర్ణాటక, ఇంట్లో మాట తెలుగు. బళ్ళో చదివింది కన్నడం. తెలుగు రాయటం మా నాన్న పలక మీద దిద్దించి నేర్పాడు. ఈ పత్రిక అమెరికాలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వస్తుంది. తను చదివి దాచిన సంచికలు నేను వెళ్ళినప్పుడు చదువుతుంటాను. "అమ్మా, మనవాడి సంగతి నువ్వే రాయి, పదిమందికి పనికొస్తుంది" అని తనే పట్టుబట్టింది. అందుకని ఈ నాలుగు మాటలు.

విదురాశ్వత్థానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది బిడ్డల కోసమే వస్తారు. బిడ్డలు కలగాలని కొందరు, కలిగిన బిడ్డ నిలవాలని కొందరు. శిల చెక్కించి, నీళ్ళలో ఉంచి, మంత్రాలతో ప్రతిష్ఠ చేయిస్తారు. మా అమ్మ ప్రతిష్ఠించిన శిల కూడా అక్కడ ఉంది. నాకంటే ముందు అమ్మకొక కొడుకు పుట్టాడు. మూడేళ్ళ వయసులో గొంతు వాచి, లోపల తెల్లటి పొర కట్టి, ఊపిరాడక రెండు రోజుల్లో పోయాడట. కన్నడంలో ఆ జబ్బును గంటలుమారి అంటారు. తెలుగులో కంఠసర్పి. పాము పేరున్న జబ్బు గనక నాగదోషమే అనుకున్నారు మా వాళ్ళు. శిల నిలబెట్టిన రెండేళ్ళకు నేను పుట్టాను. కంఠసర్పికి టీకా ప్రపంచంలో అప్పటికే ఉంది, మా ఊరికే చేరలేదు. పసిబిడ్డలందరికీ ప్రభుత్వమే టీకాలు వేసే కార్యక్రమం మన దేశంలో 1978లో మొదలై, 1985 నుంచి జిల్లాలన్నిటికీ విస్తరించింది.

మా అమ్మకు టీకా అందక బిడ్డ పోయాడు. మాకు ఆ సాకు కూడా లేదు. మా ఇంటికి నడిచి వెళ్ళే దూరంలో, పైసా ఖర్చు లేకుండా దొరికే సూదిని మేము మరిచిపోయాం.

పుట్టింటి పురుడు

మా అమ్మాయిని చింతామణి వాళ్ళకిచ్చాం. అల్లుడు అప్పట్లో బెంగుళూరులో ఉద్యోగం. తొలికాన్పు పుట్టింట్లో జరగటం మన ఆచారం గదా. 2018లో సంక్రాంతి మర్నాడు మనవడు పుట్టాడు. పుట్టిన రోజే బి.సి.జి., కామెర్ల సూది, పోలియో చుక్కలు పడ్డాయి. తర్వాత ఒకటిన్నర నెలకు, రెండున్నర నెలలకు, మూడున్నర నెలలకు నేనే ఒళ్ళో పెట్టుకుని అంగన్‌వాడికి తీసుకెళ్ళాను. మా వైపు టీకాలు గురువారం వేస్తారు. ప్రతిసారీ నర్సమ్మ తాయి కార్డులో తేదీ వేసి, మళ్ళీ ఎప్పుడు రావాలో పెన్సిలుతో రాసి, నోటితో కూడా చెప్పేది. తాయి కార్డంటే కర్ణాటకలో గర్భిణిగా ఉన్నప్పుడే ఇచ్చే తల్లీబిడ్డల కార్డు. తల్లి పరీక్షలు, కాన్పు వివరాలు, బిడ్డ బరువు, టీకాలు అన్నీ అందులోనే ఉంటాయి.

అయిదో నెలలో మంచిరోజు చూసి తల్లినీ బిడ్డనీ చింతామణికి పంపాం. వెండి గిన్నె, ఉయ్యాల, పాత చీరలతో కుట్టిన బొంతలు, నెయ్యి డబ్బా, వసకొమ్ము, దిష్టి పూసలు అన్నీ సర్దాను. ఏమీ మరిచిపోలేదని మూడుసార్లు చూసుకున్నాను. కార్డు మాత్రం మా బీరువాలో ఉండిపోయింది. భద్రంగా ఉండాలని నేనే పట్టుచీరల కింద పెట్టాను.

తొమ్మిది నెలలు నిండగానే తట్టు టీకా వెయ్యాలి. చింతామణిలో మా వియ్యపురాలు, కార్డు మా దగ్గర ఉంది గనక ఆ లెక్కంతా మేమే చూసుకుంటున్నామనుకుంది. బిడ్డ వాళ్ళింట్లో ఉన్నాడు గనక వాళ్ళే వేయిస్తారని నేననుకున్నాను. మా అమ్మాయి బెంగుళూరుకీ చింతామణికీ తిరుగుతూ, పెద్దవాళ్ళిద్దరున్నారు గదా అని నిశ్చింతగా ఉంది. కార్తీకంలో బిడ్డను విదురాశ్వత్థం తీసుకొచ్చి మొక్కు తీర్చాం. రెండు కుటుంబాలూ రెండు రోజులు ఒకే ఇంట్లో ఉన్నాం. ఏ పూట పూజ, ఎవరికి ఏ బట్టలు, ఎంతమందికి భోజనాలు అన్నీ మాట్లాడుకున్నాం. సూది మాట ఎవరి నోటా రాలేదు.

2019లో శివరాత్రి వెళ్ళిన వారం ఫోను. బిడ్డకు నాలుగు రోజులుగా జ్వరం, కళ్ళు ఎర్రగా నీరు కారుతున్నాయి, ముక్కు కారుతోంది, చెవుల వెనక మొదలై ముఖమంతా ఎర్రటి పొక్కు. "అమ్మవారు పోసిందిలే వదినా, వేపమండలు కట్టినాం, మూడు దినాల్లో తగ్గిపోతుంది" అంది వియ్యపురాలు. మేము వెళ్ళేసరికి ఒళ్ళంతా దిగింది. ఊపిరి తీస్తే పక్కటెముకలు లోపలికి పోతున్నాయి. పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. తట్టు, దానిమీద నిమోనియా అన్నారు.

డాక్టరుగారు అడిగిన మొదటి మాట, "తట్టు సూది వేయించారా?"

నేను వియ్యపురాలి ముఖం చూశాను. ఆమె నా ముఖం చూసింది. "మీరు వేయించినారనుకుంటిమి వదినా" అంది. అదే మాట నా నోట్లోనూ ఉంది.

తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. ముక్కులో గొట్టం, చేతికి సెలైను. వరుసగా రెండు రోజులు విటమిన్ ఎ మందు పోశారు, తట్టు వచ్చిన బిడ్డకు కళ్ళు దెబ్బతినకుండా అది ఇస్తారట. మూడో రాత్రి బిడ్డ ఏడవటం మానేశాడు. ఏడిస్తే బాగుండునని ఆ రాత్రంతా కూర్చున్నాను. మా అమ్మ నిలబెట్టిన శిల కళ్ళముందు మెదిలింది. దేవుడి దయ, డాక్టర్ల చలవ, బిడ్డ నిలిచాడు. ఇంటికొచ్చి బీరువా తెరిచి కార్డు తీశాను. తొమ్మిది నెలల గడిలో నర్సమ్మ పెన్సిలుతో రాసిన తేదీ అట్లాగే ఉంది. దాని పక్కన వేసిన తేదీ రాయాల్సిన గడి ఖాళీగా ఉంది.

నర్సమ్మ సంచి

బిడ్డ కోలుకున్నాక నర్సమ్మను కలిశాను. కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. గోడకు తగిలించిన ఒక గుడ్డ సంచి చూపించింది. దానికి వరుసగా జేబులు, ఒక్కో జేబు మీద ఒక్కో నెల పేరు. ప్రతి బిడ్డ కార్డుకూ ఒక ప్రతిముక్క ఉంటుంది. దాన్ని చింపి ఆరోగ్య కార్యకర్త తన దగ్గర ఉంచుకుంటుంది. బిడ్డకు తర్వాతి సూది ఏ నెలలో పడాలో ఆ నెల జేబులో ఆ ముక్క పెడుతుంది. ఆ నెల వచ్చినప్పుడు జేబు తీస్తే ఎవరెవరు రావాలో తెలుస్తుంది. వేశాక ముక్క తర్వాతి జేబులోకి మారుతుంది. నెలాఖరుకు జేబులో మిగిలినవాళ్ళు రానివాళ్ళు.

"మీ బిడ్డ ముక్క అక్టోబరు జేబులో మిగిలిపోయిందమ్మా. ఆశా కార్యకర్త మీ ఇంటికి వచ్చింది. అత్తగారింటికి పోయినాడు, అక్కడ వేయిస్తారని మీ ఇంట్లో చెప్పి పంపినారు" అంది.

చెప్పి పంపింది మరెవరో కాదు, నేనే. అప్పుడు గుర్తొచ్చింది.

లోపం ఎక్కడ జరిగిందో అప్పటికి అర్థమైంది. మన ఆచారంలో బిడ్డ తొలి ఏడాది రెండిళ్ళ మధ్య పంచుకుంటాం. మొదటి నాలుగైదు నెలలు అమ్మమ్మగారింట్లో, తర్వాత నాయనమ్మగారింట్లో. ఆ పైన తల్లిదండ్రుల ఉద్యోగం ఉన్న ఊరు, ఒక్కోసారి వేరే దేశం. బిడ్డ ఇల్లు మారినప్పుడల్లా లెక్క చూసే మనిషి కూడా మారుతుంది. మా సరిహద్దు ప్రాంతంలో ఇంకో చిక్కు. పుట్టిల్లు గౌరిబిదనూరు, మెట్టిల్లు హిందూపురం అయితే రాష్ట్రమే మారుతుంది. కార్డు కన్నడంలో ఉంటుంది, చదివేవాళ్ళు తెలుగువాళ్ళు. టీకాలు వేసే వారమూ మారుతుంది. బిడ్డ సంచారి అయినప్పుడు కార్డు ఒక ఇంటి బీరువాలో ఉండకూడదు. బిడ్డ పాల సీసాతో పాటు అదే సంచిలో ఉండాలి.

వేడుకలతో ముడివేస్తే మరిచిపోం

మనవాళ్ళు సూది మరిచిపోతారు గానీ వేడుక మరిచిపోరు. అందుకని నేను టీకాల లెక్కను వేడుకలకు ముడివేసుకున్నాను. ఇప్పుడు మన దేశంలో ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాలు ఇవి.

బారసాల నాటికి పుట్టుక టీకాలు మూడూ పడి ఉండాలి: క్షయకు బి.సి.జి., కామెర్ల బి, పోలియో చుక్కలు. కామెర్ల సూది పుట్టిన 24 గంటల్లోపు పడాలి, చుక్కలు 15 రోజుల్లోపు. బి.సి.జి. తప్పితే ఏడాది లోపల ఎప్పుడైనా వేస్తారు.

అన్నప్రాశన నాటికి మూడు విడతలు పూర్తయి ఉండాలి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటా సూది, పోలియో చుక్కలు, నీళ్ళ విరేచనాలు రాకుండా రోటా చుక్కలు. పెంటా అంటే అయిదు. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, కామెర్ల బి, మెదడు పొరకూ ఊపిరితిత్తులకూ వచ్చే హిబ్ జబ్బు, ఈ అయిదింటికీ ఒకటే సూది. మా అన్నను తీసుకుపోయిన జబ్బు ఈ సూదిలో ఉంది. ఆరు, పద్నాలుగు వారాలప్పుడు వీటితో పాటు నిమోనియాకు పి.సి.వి., పోలియో ఇంజెక్షను కూడా ఉంటాయి.

మొదటి పుట్టినరోజు నాటికి తొమ్మిది నెలల టీకాలు పడి ఉండాలి. తట్టుకూ రుబెల్లాకూ కలిపి ఎం.ఆర్. సూది, పి.సి.వి. మూడోది, పోలియో ఇంజెక్షను మూడోది, విటమిన్ ఎ మొదటి మోతాదు. విటమిన్ ఎ ఆ తర్వాత అయిదేళ్ళ దాకా ఆరు నెలలకొకసారి. మెదడువాపు టీకా ఆ జబ్బు ఉన్న జిల్లాల్లో మాత్రమే వేస్తారు. జిల్లా మారినప్పుడు అడిగి తెలుసుకోవాలి.

రెండో పుట్టినరోజు నాటికి, అంటే 16 నుంచి 24 నెలల మధ్య, ఎం.ఆర్. రెండోది, డి.పి.టి. బూస్టరు, పోలియో చుక్కల బూస్టరు. అందరూ మరిచిపోయే విడత ఇది. బిడ్డ నడుస్తుంటాడు, ఆరోగ్యంగా ఉంటాడు, ఇంకా సూదులేమిటి అనిపిస్తుంది. పుట్టువెంట్రుకలు తీయించాలనుకున్నప్పుడు ఇదీ గుర్తు చేసుకోండి.

అయిదో ఏట బడిలో వేసేటప్పుడు డి.పి.టి. రెండో బూస్టరు. ఆపైన పదో ఏట, పదహారో ఏట టి.డి. సూది.

లెక్క తారీఖులతోనే వెయ్యండి. మన పెద్దవాళ్ళు "తొమ్మిదో నెల" అంటే ఎనిమిది నిండి తొమ్మిది నడుస్తోందని. డాక్టర్లు అంటే తొమ్మిది నిండాలని. తిథుల లెక్కలో అధికమాసం వస్తే ఇంకా తికమక. మా మనవడు పుట్టిన ఏడు అధిక జ్యేష్ఠం వచ్చింది. మా ఇంట్లో ఎవరి లెక్క వారిదే అయింది.

ఇంకో సంగతి. పెద్దబిడ్డ కార్డు చూసి చిన్నబిడ్డ లెక్క వెయ్యకండి. పట్టిక మారుతుంటుంది. 2016లో రోటా చుక్కలు మొదట నాలుగు రాష్ట్రాల్లో మొదలయ్యాయి, వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2019కి దేశమంతా వచ్చాయి. పి.సి.వి. 2021లో దేశమంతటికీ విస్తరించింది. పోలియో ఇంజెక్షను మూడోది 2023 నుంచి చేరింది. మా మనవడి కార్డులో ఇవేవీ లేవు. అన్నట్టు, ఈ టీకాల్లో కొన్నింటి పుట్టిల్లు మన హైదరాబాదే. కామెర్ల బి టీకాను మన దేశంలోనే తయారు చేసి 1997లో శాంతా బయోటెక్నిక్స్ విడుదల చేసింది. 2016లో ఇచ్చిన రోటా చుక్కలు భారత్ బయోటెక్ వాళ్ళవి. తెలుగునేల మీద తయారై దేశదేశాలకు పోతున్న టీకా మన ఇంటి బిడ్డకు తప్పిపోతే అది మన అజాగ్రత్తే.

నర్సమ్మను అడిగి తెలుసుకున్నవి

జలుబు, కొద్దిపాటి జ్వరం ఉంటే సూది వాయిదా వెయ్యక్కర్లేదు. జ్వరం గట్టిగా ఉంటే, బిడ్డ బాగా నలతగా ఉంటే డాక్టరు చెప్పినట్టు చెయ్యాలి. వాయిదా వేస్తే మళ్ళీ ఏ రోజు రావాలో అప్పుడే రాయించుకోవాలి.

ఒక విడత తప్పిపోతే మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. ఆగిన చోటి నుంచి సాగిస్తారు. ఆలస్యమైందని సిగ్గుపడి మానుకోవటమే అసలు తప్పు. ఎం.ఆర్. సూది తప్పినవాళ్ళకు అయిదేళ్ళ దాకా వేస్తారు. తట్టు వచ్చి తగ్గిన మా మనవడికి కూడా తర్వాత ఎం.ఆర్. వేశారు. తట్టు వచ్చింది గానీ రుబెల్లా రాలేదు గదా అన్నారు డాక్టరుగారు. గర్భిణికి రుబెల్లా సోకితే కడుపులో బిడ్డకు గుండె, కళ్ళు, చెవులు దెబ్బతింటాయి. అందుకని అది ఆడపిల్లలకూ మగపిల్లలకూ వేస్తారు.

"పోలియో ఆదివారం చుక్కలు వేయించాం, ఇంకేం కావాలి?" అంటారు కొందరు. పల్స్ పోలియో చుక్కలు అదనం. కార్డులో ఉన్న చుక్కలకు అవి బదులు కావు. 2011 జనవరి తర్వాత మన దేశంలో సహజ పోలియో వైరసుతో ఏ బిడ్డకూ పోలియో రాలేదు. 2014 మార్చిలో భారతదేశానికి పోలియో రహితమన్న ధ్రువపత్రం కూడా వచ్చింది. అది నిలవాలంటే ఈ రెండూ సాగాలి.

ఒకేరోజు మూడు సూదులు పడితే బిడ్డ తట్టుకుంటాడా అని తల్లులకు బెంగ. తట్టుకుంటాడు. ఆ రాత్రి జ్వరం రావచ్చు, పొడిచిన చోట వాయవచ్చు. టీకా వేసిన అరగంట దాకా అక్కడే కూర్చోవాలి. బి.సి.జి. వేసిన చోట కొన్ని వారాలకు చిన్న పొక్కు లేచి మచ్చ పడుతుంది. దానిమీద పసుపు, నూనె ఏదీ రాయకూడదు.

టీకా వేసినప్పుడల్లా కార్యకర్త నాలుగు మాటలు చెప్పాలని నియమం ఉంది. ఏ టీకా వేశారు, అది ఏ జబ్బును ఆపుతుంది; మళ్ళీ ఎప్పుడు రావాలి; ఏ చిన్న బాధలు రావచ్చు, వస్తే ఏం చెయ్యాలి; కార్డు భద్రం, వచ్చేటప్పుడు తేవాలి. ఆవిడ పనిలో పడి మరిచిపోతే మీరే అడగండి. అడిగినందుకు ఎవరూ ఏమీ అనుకోరు.

సముద్రం దాటితే

2021లో మా అమ్మాయి వాళ్ళు అమెరికా వెళ్ళారు. బిడ్డను బడిలో వెయ్యబోతే టీకాల చిట్టా తెమ్మన్నారు. "అన్నీ వేయించాం" అంటే అక్కడ చెల్లదు, తేదీతో రాసిన కాగితం ఉండాలి. కార్డు పంపాం. ఆరు వారాల సూది గడిలో 1-3-18 అని ఉంది. మనకది మార్చి ఒకటి. వాళ్ళకు నెల ముందు, తేదీ తర్వాత. జనవరి మూడు అని చదివారు. బిడ్డ పుట్టిందే జనవరి 15న! పుట్టకముందే సూది ఎట్లా వేశారని ఆ నర్సు అడిగితే మా అమ్మాయికి నవ్వాలో ఏడవాలో తెలియలేదట. అందుకని విదేశాలకు వెళ్ళేవాళ్ళు తేదీలో నెల పేరును అక్షరాల్లో రాయించుకోండి. కార్డు కన్నడంలోనో తెలుగులోనో ఉంటే టీకాల పేర్లు ఇంగ్లీషులో రాయించి డాక్టరు సంతకం తీసుకోండి.

అమెరికాలో ఇంకొన్ని తేడాలున్నాయి. మొదటి పుట్టినరోజుకు ముందు వేసిన తట్టు టీకాను అక్కడ లెక్కలోకి తీసుకోరు. మన దగ్గర తొమ్మిది నెలలకు వేసింది బిడ్డను ఆ వయసులో కాపాడటానికి. అక్కడి పట్టిక ప్రకారం ఏడాది నిండాక రెండు పడాలి. 2016 ఏప్రిల్ తర్వాత వేసిన పోలియో చుక్కలనూ లెక్కించరు. అప్పటి నుంచి చుక్కల్లో మూడు రకాల పోలియోకు బదులు రెండు రకాలకే మందు ఉంటోంది. అందుకని మా మనవడికి ఇంజెక్షన్లు మళ్ళీ వేశారు. బి.సి.జి. అక్కడ మామూలుగా వెయ్యరు. చేతి మీద మచ్చ చూసి అడిగితే చెప్పాలి, ఎందుకంటే క్షయకు చర్మపరీక్ష చేసినప్పుడు ఆ టీకా వల్లనే చర్మం ఉబ్బవచ్చు. ఏ దేశం పట్టిక ఆ దేశానిది. కార్డు చేతిలో ఉంటే ఏది మిగిలిందో అక్కడి డాక్టరు చూసుకుంటారు. కార్డు లేకపోతే వేసినవి కూడా వెయ్యనట్టే.

మన దేశంలో ఇప్పుడు యూ-విన్ అనే కంప్యూటరు చిట్టా వచ్చింది. 2023లో కొన్ని జిల్లాల్లో మొదలుపెట్టి దేశమంతటికీ విస్తరించారు. సెల్‌ఫోను నంబరుతో బిడ్డ పేరు నమోదు చేస్తారు. ఏ ఊళ్ళో వేసినా అందులో చేరుతుంది. ఒక్కటే జాగ్రత్త. పుట్టింట్లో పురుడైనప్పుడు తొందరలో తాతగారి ఫోను నంబరు ఇచ్చేస్తారు. తర్వాత కబుర్లన్నీ ఆయనకే పోతాయి, ఆయన వాటిని చూడరు. తల్లి నంబరే ఇవ్వండి.

ఈసారి నేను నాయనమ్మను

2023లో మా కోడలు పురిటికి బాగేపల్లి, తన పుట్టింటికి వెళ్ళింది. ఈసారి బిడ్డను తెచ్చుకునే వైపు నేనున్నాను. బారసాల నాడే ఆ వదినతో కూర్చుని మాట్లాడాను. చింతామణి సంగతి దాచకుండా చెప్పాను. ఇద్దరం మూడు మాటలనుకున్నాం. కార్డు బిడ్డ సంచిలోనే ఉండాలి, ఏ బీరువాలోనూ కాదు. రాబోయే తేదీని రెండిళ్ళ గోడ క్యాలెండర్లలోనూ ఎర్రసిరాతో రాయాలి. వేయించినవాళ్ళు ఆ రోజే కార్డు ఫోటో తీసి నలుగురికీ, అంటే తల్లికీ తండ్రికీ అమ్మమ్మకూ నాయనమ్మకూ పంపాలి. ఫోటో రాలేదంటే పడలేదని లెక్క. "వాళ్ళు వేయించే ఉంటారు" అన్న మాట రెండిళ్ళలో ఎవరూ అనకూడదు.

అయిదో నెలలో మనవరాలు మా ఇంటికొచ్చింది. సంచి దించుతూనే నేనడిగిన మొదటి మాట, "కార్డు ఉందా వదినా?" ఆవిడ నవ్వి పాల సీసా పక్కనుంచి తీసి ఇచ్చింది. తొమ్మిది నెలల సూది మా ఊరి అంగన్‌వాడిలో, నా ఒళ్ళోనే పడింది. బాగేపల్లికి ఫోటో వెళ్ళింది. రెండు నిమిషాల్లో ఫోను. "చూసినా వదినా. మా క్యాలెండర్లో కూడా కొట్టేసినా" అంది.

తర్వాతి ఆదివారం పాపను విదురాశ్వత్థం తీసుకెళ్ళాం. మా మనవడి పేరున పెట్టిన శిల, దానికి కొంత దూరంలో మా అమ్మ పెట్టిన శిల. పాప వాటి మీది పసుపును వేలితో తాకి ముఖానికి పూసుకుంది. మొక్కు మొక్కినందుకు నేనెప్పుడూ చింతించలేదు. ఆ రోజు మొక్కుతో పాటు ఒక గురువారం కూడా గుర్తుపెట్టుకుని ఉంటే, ఆ తొమ్మిది రోజులు ఆ పసివాడికి తప్పేవి.

ఈ పత్రిక మూసి పక్కన పెట్టేముందు మీ ఇంట్లో అయిదేళ్ళ లోపు బిడ్డ ఉంటే ఒక్కసారి కార్డు తీసి చూడండి. పెన్సిలు తేదీ ఉండి పక్క గడి ఖాళీగా ఉందేమో చూడండి. కార్డు మీ ఇంట్లో కనబడకపోతే అవతలి ఇంటికి ఫోను చెయ్యండి. ఎవరి తప్పని అడగవద్దు. కార్డు ఎక్కడుందని అడగండి.